కింది బాణం

ఫోన్లో ఎవరో తన మాటకి కిందికి బాణం నొక్కారని అన్నం మానేసినవాళ్ళని నేను చూశాను. మొన్నటికి మొన్న మా మేనకోడలి కూతురు వంటల గ్రూపులో ఏదో పచ్చడి గురించి రాసిందట. ఎవరెవరో కిందికి నొక్కేశారట. రెండు రోజులు మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. "ఎందుకు నొక్కారో అడిగావా?" అన్నాను. "అడిగేదేముంది తాతయ్యా, నచ్చలేదనేగా" అంది. "నచ్చలేదని నీతో ఎవరన్నారు?" అంటే నాకేసి అదోలా చూసింది. ముసలాయనకి ఫోన్ల సంగతేం తెలుసు అన్నట్టుంది ఆ చూపు. ఆ చూపుకి ఒళ్ళు మండే ఇది రాస్తున్నాను. కింది బాణాల మధ్య నేను ఒక సీజనంతా ఉద్యోగం చేశాను. జీతం తీసుకుని మరీ చేశాను.

మాది తిరువూరు. నా సర్వీసంతా ఎరువుల బస్తాల మధ్య, విత్తనాల సంచుల మధ్య గడిచింది. ఇంక రిటైరవడమే తరువాయి అనుకుంటున్న రోజుల్లో మా సంస్థవాళ్ళు ఫోన్లో ఒక ప్రశ్నల పేజీ పెట్టారు. సంస్థ పేరు చెప్పను. ఇప్పటికీ ఉంది, బాగానే నడుస్తోంది, నాకు వాళ్ళతో తగువేమీ లేదు. రైతు తన తోటలో వచ్చిన ఇబ్బంది రాసి ఫోటో పెడతాడు. తెలిసినవాళ్ళు జవాబు రాస్తారు. ఆ పేజీకి నన్ను కాపలా పెట్టారు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఎవరికి నాలుగు చీవాట్లు పెట్టాలి, అదీ నా పని. చీవాట్లు పెట్టే పనికి నన్ను ఎంచుకోవడంలో మాత్రం విజయవాడ ఆఫీసువాళ్ళు పొరపాటు పడలేదు.

ఆ పేజీలో ఏం వచ్చేవో చెబితే మీరు నమ్మరు. "మామిడి పాడైంది. ఏం కొట్టాలి. అర్జెంట్." అంతే. ఆకు పాడైందా, పూత పాడైందా, కాయ పాడైందా, అసలు చెట్టు వయసెంత, ఇప్పటిదాకా ఏం కొట్టావు, ఒక్క ముక్క ఉండదు. ఫోటో పెట్టమంటే తోట ముందు తాను నిలబడి దిగిన ఫోటో పెట్టేవాడు. చెట్టు ఎక్కడో వెనకాల మసగ్గా ఉండేది. ఒకాయన తన పాత ట్రాక్టరు అమ్మకానికి పెట్టాడు. ఇంకొకాయన కూతురి పెళ్ళి శుభలేఖ పెట్టి, అందరూ సకుటుంబంగా రావాలన్నాడు. మరొకాయన రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం చెప్పేవాడు. నేను రోజూ తీసేసేవాడిని. ఒకనాడు బస్టాండులో ఎదురుపడి, "నా పువ్వు మీకేం అన్యాయం చేసిందండీ?" అని అడిగాడు. మర్నాటి పువ్వుని కూడా తీసేశాను.

ప్రశ్న అడగడం కూడా ఒక మర్యాదేనని నాకు ఆ పేజీలోనే తెలిసింది. జవాబు రాసేవాడి టైము మీద గౌరవముంటే నీ సంగతంతా ముందే చెబుతావు. డాక్టరు దగ్గరికెళ్ళి "బాగోలేదు" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

జవాబులు రాయడానికి మాకు ఒక అమ్మాయిని కాంట్రాక్టు మీద ఇచ్చారు. విస్సన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. బస్సు తప్పిపోతే షేరాటోలో నలిగి, ముడతలు పడ్డ చున్నీ సర్దుకుంటూ మెట్లెక్కేది. తోటల పెంపకంలో డిప్లొమా చదివింది. వాళ్ళ నాన్నకి ఈ ఉద్యోగం మీద పెద్ద నమ్మకం లేదు. "ఏడాది చూద్దాం. కుదరకపోతే మీ బాబాయి మిల్లులో లెక్కలు చూసుకో" అన్నాడట. ఆమెకి మిల్లు మాటెత్తితే చిరాకు. "చెట్ల గురించి చదివి ఊక లెక్కలు రాయనా సార్?" అనేది.

రాయడం మాత్రం ఆమెకి వచ్చు. నేను చాలామంది రాసిన సలహాలు చదివాను. అన్నీ మందు డబ్బా మీద అచ్చువేసినట్టుంటాయి. ఈమె రాస్తే పక్కన కూర్చుని చెబుతున్నట్టుండేది. "పూత నిండుగా విచ్చుకుంది కదండీ, ఇప్పుడు పురుగుమందు కొట్టారంటే తేనెటీగలు రావు. అవి రాకపోతే పిందె కట్టదు. ఓపిక పట్టండి, పిందె కట్టాక చూద్దాం." ఇలా ఉండేది. మందు అవసరం లేకపోతే లేదని రాసేది. అలా రాసే ధైర్యం మా రోజుల్లో మాకుండేది కాదు, ఎందుకంటే ఆ మందు అమ్మేది కూడా మేమే.

జవాబులు రాయడమే కాదు, ఊళ్ళకి వెళ్ళి రైతులకి ఆ పేజీ వాడడం నేర్పేది కూడా ఆమే. అన్ని ఊళ్ళలోకీ పెనుగొలనులో ఆమెకి ఆదరణ ఎక్కువ. అక్కడికి వెళ్ళిందంటే సాయంత్రానికి రెండు చేతులా మామిడికాయల సంచులతో దిగేది. అందులో సగం నాకు వచ్చేవి కాబట్టి పెనుగొలను అంటే నాకూ అభిమానమే.

ఇలా సాఫీగా పోతుంటే, మరుసటి సీజనుకి విజయవాడ నుంచి పేజీకి కొత్త హంగులు వచ్చాయి. ప్రతి జవాబు పక్కనా రెండు బాణాలు పెట్టారు. జవాబు పనికొస్తే పైకి, పనికిరాకపోతే కిందికి నొక్కాలి. ఎక్కువమంది పైకి నొక్కిన జవాబు అందరికంటే ముందు కనిపిస్తుంది. ఎక్కువమంది కిందికి నొక్కితే ఆ జవాబు బూడిద రంగులోకి మారి, మడతపడి అడుగుకి పోతుంది. వేలితో తాకితేగాని విచ్చుకోదు. తప్పు సలహా రైతు కంట పడకూడదని ఆ ఏర్పాటు. ఆలోచన మంచిదే. ఇదంతా వివరంగా రాసి పేజీ మొదట్లో పెట్టారు కూడా. దాన్ని చదివిన మనిషిని నేను ఇంతవరకు కలవలేదు.

బాణాలతోపాటు జవాబులు రాసేవాళ్ళకి మార్కులు కూడా పెట్టారు. పైకి నొక్కితే ఒకటి కలుస్తుంది, కిందికి నొక్కితే ఒకటి పోతుంది. సీజను ఆఖరికి మైనస్‌లో ఉన్నవాళ్ళ కాంట్రాక్టు మళ్ళీ రాయరు. ఈ మాట విన్నప్పుడు నేను అమ్మాయితో నవ్వుతూ, "నీకేం భయం, జిల్లాలో మొదటి మార్కు నీదే" అన్నాను.

నెల తిరక్కుండానే ఆమెది జిల్లాలో ఆఖరి మార్కయింది.

మొదట మా ఇద్దరికీ ఏదో పొరపాటనిపించింది. తర్వాత చూస్తే రోజురోజుకీ దిగజారుతోంది. ఎంత మంచి జవాబు రాస్తే అన్ని బాణాలు. బూడిద తెగులు గురించి ఒకటి రాసింది, పాఠం చెప్పినట్టు రాసింది, పొద్దున రాస్తే మధ్యాహ్నానికి మడతపడి అడుగుకి పోయింది. ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను. "సార్, నేను రాసేది అంత చెత్తగా ఉందా?" అని అడిగింది. "చెత్తగా ఉంటే నేనే చెప్పేవాడిని కదా" అన్నాను. నా నోటి సంగతి తెలుసు కాబట్టి ఆ మాట నమ్మింది. కానీ నమ్మకం మార్కుల్లో కలవదు కదా.

పాపం, ఎన్ని రకాలుగా ప్రయత్నించిందో. ఎక్కువ రాస్తున్నానేమోనని కుదించి రాసింది. బాణాలు పెరిగాయి. గౌరవం సరిపోలేదేమోనని "గౌరవనీయులైన రైతు సోదరులకు నమస్కారములు" అని మొదలుపెట్టింది. ఇంకా పెరిగాయి. బొమ్మలు గీసి, ఏ కొమ్మ ఎక్కడ కత్తిరించాలో గుర్తులు పెట్టి చూపించింది. ఆ రోజు పడ్డన్ని బాణాలు ఎన్నడూ పడలేదు. చివరికి ఒకరోజు విసుగొచ్చి, ఎవరో అడిగినదానికి "ఫోటో సరిగా లేదు, మళ్ళీ పెట్టండి" అని ముక్తసరిగా రాసి పడేసింది. దానికి ఒక్కటంటే ఒక్క బాణం కూడా పడలేదు.

మర్నాడు ఆఫీసుకి వస్తూనే, "సార్, నాకు అర్థమైపోయింది" అంది. "వాళ్ళకి వివరంగా చెబితే నచ్చట్లేదు. ఇకనుంచి ఇలాగే రాస్తాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు అలా రాశావంటే నేనే కిందికి నొక్కుతాను. నీ మార్కుల కోసం రైతు తోట పాడు చేసుకోవాలా?" అని గట్టిగానే అన్నాను.

"మార్కులు లేకపోతే నేను మిల్లులో ఉంటాను సార్. అప్పుడు వాళ్ళ తోట గురించి ఎవరు రాస్తారు?" అంది. అరవలేదు, ఏడవలేదు, మామూలుగా అంది. అయినా ఆ రోజు వచ్చిన ప్రశ్నకి ఎప్పటిలాగే వివరంగా రాసింది. చేతకాదు ఆ పిల్లకి, తప్పుగా రాయడం.

ఇక నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. నా బుర్ర పనిచేసినప్పుడల్లా ఎవరో ఒకరి మీద అనుమానం పుడుతుంది. ఈసారి బస్టాండు దగ్గర పురుగుమందుల షాపాయన మీద పుట్టింది. ఆయనకీ మా పేజీలో జవాబులు రాసే అలవాటుంది. ఏ ప్రశ్నకైనా ఆయన జవాబు ఒకటే: "మా షాపుకి రండి, చూసి చెప్తాం." దానికి ఆయన బావమరుదులు నలుగురూ పైకి నొక్కేవాళ్ళు. మా అమ్మాయేమో మందు వద్దని రాస్తుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చొక్కా చేతులు మడుచుకుని వెళ్ళాను.

"ఏంటండీ సంగతి, మా అమ్మాయి జవాబులు మీ కంటికి ఆనట్లేదా? తెగ కిందికి నొక్కుతున్నారట" అన్నాను.

ఆయన తాపీగా కుర్చీ లాగి వేశాడు. "కూర్చోండి ముందు. నేను నొక్కానని ఎవరన్నారండీ?"

"ఒకరు అనాలా? ఆమె మందు వద్దంటే మీకేగా నష్టం."

"నష్టం నిజమేనండి, లేదన్ను. మొన్న ఒకాయన వచ్చి తేనెమంచు పురుగుకి మందు కావాలన్నాడు. తీసి బల్ల మీద పెట్టా. ఆయన ఫోను తీసి మీ అమ్మాయి రాసింది చదూకున్నాడు. పూత మీద ఉందండీ, ఇప్పుడు వద్దందిలెండి, అని లేచి వెళ్ళిపోయాడు. నా కళ్ళముందే, డబ్బా బల్ల మీద ఉండగానే. రోజూ ఎవరో ఒకరు అట్టా పోతూనే ఉన్నారు. కానీ బాణం మాత్రం నేను నొక్కలేదండి. నొక్కితే పేరు పడుద్దేమోనని భయం."

"పేరు పడదండీ."

"పడదా? ముందే చెప్పొచ్చుగా" అని పకపకా నవ్వి, టీ తెప్పించాడు.

టీ తాగి బయటికొచ్చాను గానీ బుర్ర మరింత గందరగోళమైంది. రైతులు ఆమె జవాబు చదువుతున్నారు. షాపులో మందు బల్ల మీద పెట్టినా ఆమె మాటే వింటున్నారు. మరి కిందికి నొక్కుతున్నదెవరు? పైగా మా ప్రాంతం మనిషి ఎదుటివాడి మొహం మీద తప్పని ఎప్పుడైనా అన్నాడా? నచ్చకపోతే "అలాగేలెండి, చూద్దాం" అంటాడు. మళ్ళీ ఆ పక్కకి రాడు. మా వైపు కింది బాణమంటే అదే. అలాంటివాళ్ళు ఇంతమంది ఒక్కసారిగా ఇంత మొహమాటం లేకుండా ఎలా తయారయ్యారా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

సీజను ఆఖరికొచ్చింది. విజయవాడ నుంచి మా పైఆఫీసరు ఫోను చేశాడు. మంచివాడే, నాకంటే చిన్నవాడు, కాకపోతే అంకె చెప్పిందే నమ్ముతాడు. "మీ అమ్మాయికి పడ్డ బాణాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తీయించానండి. ఒక్కటీ తప్పకుండా అన్నీ పెనుగొలను నుంచే. ఆ ఊరివాళ్ళకి ఆమె మీద ఏదో కోపం ఉంది. వాళ్ళని తిరువూరు పిలిపించండి. నేనూ వస్తాను. వాళ్ళేం చెబుతారో విని కాంట్రాక్టు సంగతి అక్కడే తేల్చేద్దాం" అన్నాడు.

ఆ మాట అమ్మాయికి చెప్పడమే కష్టమైంది. మార్కులు పోయినప్పుడు కూడా అంత బాధపడలేదు. "పెనుగొలనువాళ్ళా సార్? వాళ్ళా?" అంది. "ఎదురుగుండా ఒక్కళ్ళైనా అనొచ్చు కదా సార్. నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టారు" అంది. కళ్ళ నిండా నీళ్ళు. నాకైతే ఆ ఊరి మీద పీకలదాకా కోపం వచ్చింది. వాళ్ళ మామిడికాయలతో పెట్టిన ఆవకాయ ఇంకా మా ఇంట్లో జాడీలో ఉంది. ఆ పూట అన్నంలో వేసుకోబుద్ధి కాలేదు.

అనుకున్న రోజు రానే వచ్చింది. ఆఫీసరు కారులో దిగాడు. పెనుగొలనువాళ్ళు రెండు ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. అందరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. వాళ్ళలో ముందున్న పెద్దాయన చేతిలో శాలువా కవరు, ఇంకొకాయన చేతిలో పూలదండ. అమ్మాయిని ఉద్యోగంలోంచి తీయించడానికొస్తూ ఆఫీసరుకి సన్మానమా అని నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. కుర్చీలు చూపించాను గానీ పలకరించలేదు. అమ్మాయి గోడవారగా కూర్చుని నేల చూస్తోంది. పెద్దాయన ఆమెని చూసి "బాగున్నావా అమ్మా" అన్నాడు. తలూపింది, తలెత్తలేదు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఈ అమ్మాయి రాసిన జవాబులకి మీ ఊరి నుంచి చాలా కింది బాణాలు పడ్డాయి. ఎవరు నొక్కారో తెలుసుకుందామని పిలిచాం. మీకేం కాదు, భయపడకుండా చెప్పండి."

"భయమెందుకండీ" అన్నాడు పెద్దాయన. "అందరం నొక్కాం. నేనైతే ఒక్కటి కూడా వదల్లా."

వెనకాల ఉన్నవాళ్ళందరూ చేతులెత్తారు. ఒకాయన రెండు చేతులూ ఎత్తాడు. ఇంట్లో ఆడవాళ్ళ ఫోన్లోంచి కూడా నొక్కాడట.

ఆఫీసరు నావైపు చూశాడు. చూశారా, నేను చెప్పలేదా అన్నట్టుంది. మళ్ళీ వాళ్ళవైపు తిరిగి, "సరే. ఎందుకు నొక్కారు? ఆమె రాసినదాంట్లో ఏం బాగోలేదు?" అన్నాడు.

"బాగోకపోవడమేంటండీ?" పెద్దాయన అయోమయంగా చూశాడు. "బాగున్నాయనేగా నొక్కింది. బాగోనివి ఎవరన్నా నొక్కుతారా?"

"బాగుంటే పైకి కదయ్యా నొక్కాల్సింది?"

"పైకి నొక్కితే ఎక్కుద్ది కదండీ."

ఆఫీసరు, "ఏది ఎక్కుతుంది?" అన్నాడు నెమ్మదిగా.

పెద్దాయన చదువుకోని వాడికి చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పాడు. "మన ఫోటో మీకు ఎక్కించాలంటే పై బాణం. మీరు పెట్టింది మా ఫోన్లోకి దించుకోవాలంటే కింది బాణం. అమ్మాయే కదండీ మా ఊరొచ్చి నేర్పింది, మందుల పట్టిక దించుకునేప్పుడు. ఆమె రాసిన జవాబు మళ్ళీ ఆమెకే ఎక్కించి మేం ఏం చేసుకుంటాం? మాకు కావాలిగా. అందుకని దించుకున్నాం."

వెనకాల రెండు చేతులెత్తినాయన అందుకున్నాడు. "ఒక్కళ్ళు నొక్కితే దిగట్లేదు సార్. నలుగురైదుగురం నొక్కాలి. అప్పుడు రంగు మారి, మడతపడి, అడుక్కి పోద్ది. అంటే దిగినట్టు. టవరు సరిగా అందక అనుకున్నాం. అందుకని టీ కొట్టు దగ్గర అందరం కూడుకుని తలో నొక్కు నొక్కి దించేవాళ్ళం. మొన్న కొమ్మలు కత్తిరించే బొమ్మలు పెట్టింది చూడండి, అది చాలా బరువున్నట్టుంది. ఊరందరం నొక్కితేగాని దిగలా."

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని ఒకాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. చెయ్యి తీస్తే ఏముంది, నవ్వు ఆపుకోలేక మొహం కందగడ్డలా అయిపోయింది. నేనింక ఆపుకోదలచుకోలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. పెనుగొలనువాళ్ళు మాత్రం మేమెందుకు నవ్వుతున్నామో అర్థంకాక ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మరి ఆ మందుల షాపాయన జవాబులు ఎందుకు నొక్కలేదు?" అని అడిగాను, ఊపిరి తీసుకుని.

"దించుకోడానికి అందులో ఏముందండీ? షాపుకి రమ్మనేగా" అన్నాడు పెద్దాయన.

అప్పటికి అమ్మాయి తలెత్తింది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, రెండూ ఒకేసారి. పెద్దాయనతో, "బాబాయ్ గారూ, మీరంతా కలిసి నా ఉద్యోగం దించేశారు" అంది.

ఆ మాటతో నేను అసలు సంగతంతా వాళ్ళకి విడమర్చి చెప్పాను. కింది బాణమంటే ఏమిటో, మార్కులేమిటో, ఈ మీటింగు ఎందుకు పెట్టామో. పెద్దాయన మొహం పాలిపోయింది. "ఎంత పని చేశామండీ" అంటూ లేచి, కవరు విప్పి శాలువా తీశాడు. అది అమ్మాయికోసం తెచ్చిందట. ఆమె జవాబులు జిల్లాలో అందరికంటే ఎక్కువ దించుకున్నది తమ ఊరే కాబట్టి, అందుకే పిలిచుంటారని, ఆమెకి సన్మానం అనుకుని వచ్చారట. ఆఫీసరే లేచి నిలబడి ఆ శాలువా ఆమెకి కప్పించాడు. పూలదండ మాత్రం మొహమాటానికి ఆయన మెడలోనే వేశారు.

కాంట్రాక్టు ఏడాదికి కాదు, రెండేళ్ళకి రాశారు. వాళ్ళ నాన్న తర్వాత మిల్లు మాటెత్తలేదట. బాణాలు ఎగిరిపోయాయి. వాటి స్థానంలో తెలుగు మాటలు పెట్టమని నేను పట్టుబట్టాను: పనికొచ్చింది, పనికిరాలేదు, దాచుకోండి. పనికిరాలేదని నొక్కినవాళ్ళు ఎందుకో ఒక్క ముక్క రాయాలని కూడా పెట్టించాను. పెనుగొలనువాళ్ళు నొక్కిన పాత బాణాలన్నీ దాచుకున్నవాటి కింద చేర్చారు. అక్కడ ఆమె దరిదాపుల్లోకి రాగలిగినవాళ్ళు లేరు. ఓట్ల దగ్గర మాత్రం సున్నా: పై బాణం ఆమెకి ఎవరూ నొక్కలేదు, కొత్త మాటల్లోనూ అందరూ దాచుకోండి మీదే నొక్కేవాళ్ళు.

కథ ఇక్కడ ఆగిపోతే బాగానే ఉండేది. నాకు కొత్త తలనొప్పి మొదలైంది. పనికిరాలేదు అన్న మాట ఎవరూ ముట్టుకోవడం లేదు. చెప్పానుగా, మా వైపు మొహమాటం. బాణమైతే ఏదో గుర్తు, పోనీలే అని నొక్కుతారేమో. "పనికిరాలేదు" అని తెలుగులో కనపడేసరికి ఎవరికీ వేలు ఆడలేదు. పిచ్చి సలహాలు కూడా దర్జాగా పైన కూర్చునేవి. ఫోను చేసి అడిగితే, "తప్పేలెండి, మేం పాటించలా. పాపం రాశాడు కదా, కాదనడమెందుకు" అనేవాళ్ళు. కాదనకపోతే రేపు ఇంకో రైతు దాన్నే పాటిస్తాడని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవాడిని. మీరు ఓటేసేది రాసినవాడి మొహానికి కాదు, రాసిన మాటకి. ఆ మాట రేపు చదవబోయేవాడి కోసం. అన్ని ఊళ్ళూ తిరిగి ఇదే చెప్పాను. అందరూ "అలాగేలెండి, చూద్దాం" అన్నారు.

అలా ఉండగా మరుసటి ఏడు ఎండలు ముదిరి, తోటల్లో పిందె రాలుతున్న రోజుల్లో పెనుగొలను పెద్దాయన నాకు ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "సార్, మీరు కోప్పడనంటే ఒక మాట. అమ్మాయి నీళ్ళ గురించి రాసిందే, అది నాకు పనికిరాలా. నిజంగానే పనికిరాలా, దించుకోడం కాదు. నొక్కమంటారా? ఏమన్నా అనుకుంటుందేమో."

"నొక్కండి. ఎందుకో మాత్రం రాయండి" అన్నాను.

"రాస్తాలెండి. అమ్మాయి రాసినంత బాగా రాదు నాకు."

మర్నాడు అమ్మాయి వచ్చి పేజీ తెరిచింది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నాను. ఎన్ని చెప్పినా నాకు లోపల బెరుగ్గానే ఉంది. పోయిన సీజను ఆమె పడ్డ బాధ నేను చూసినవాడిని. ఆయన రాసింది ఇది: "అమ్మా, నువ్వు చెప్పినన్ని రోజులకోసారి నీళ్ళంటే నల్లరేగడికి సరిపోద్ది. మాది ఎర్ర గరప నేల. ఇట్టే ఇంకిపోద్ది. అన్నాళ్ళు ఆగితే పిందె ఆగదు."

ఆమె అది రెండుసార్లు చదివింది. "అవును కదా, నేల ఏదో అడగనేలేదు నేను" అని తనలో తను అనుకుని, చకచకా జవాబు తిరగరాసింది. ఏ నేలకి ఎన్నాళ్ళకోసారి తడి పెట్టాలో విడివిడిగా పెట్టింది. పెనుగొలను నుంచి ఒక రైతు చెబితే సరిదిద్దానని కింద ఒక మాట రాసింది. పది నిమిషాల్లో ఫోను మోగింది. ఆమె స్పీకరులో పెట్టింది.

"అమ్మా, చూశా. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. నువ్వు మార్చేశావు కాబట్టి నా ఓటు తీసేస్తున్నా."

"తీయకండి బాబాయ్ గారూ" అంది.

"అదేంటమ్మా, నీ పేరు కింద పనికిరాలేదని ఉంటే బాగోదు కదా."

"ఉండనివ్వండి. ఇన్నాళ్ళూ మీరంతా నన్ను దించుకున్నారు గానీ, నాకు ఓటంటూ వేసింది ఒక్కరూ లేరు. ఇదే మొదటిది."